యంత్రం వేడెక్కేలోగా

గురువారం ఉదయం రోస్వీత వంటింటి బల్ల మీద రెండు యంత్రాలనూ పక్కపక్కన పెట్టి, వాటి ముందు గళ్ళ నోటుపుస్తకం తెరిచింది. కిటికీ బయట డాన్యూబ్ నది మీద పొగమంచు ఇంకా విడలేదు. పుస్తకంలో చిన్న చిన్న నిటారు అక్షరాలు: రుచి, చప్పుడు, శుభ్రం చేసే పని, వేడెక్కే సమయం. ఆమె ఈ తుత్లింగెన్ ఊళ్ళోనే ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆపరేషన్ కత్తెరలు తనిఖీ చేసింది. కత్తెర మూసి, చప్పుడు విని, వెంట్రుకవాసి లోపాన్ని పట్టుకునేది.

కిందటి చలికాలంలో వచ్చిన సర్పి పొక్కులు తగ్గాయి గానీ పక్కటెముకల కింద నరాల మంట మిగిలిపోయింది. డాక్టరమ్మ మందుగా ఎండు గంజాయి పువ్వు రాసిచ్చింది. దాన్ని కాల్చి పొగ తాగకూడదు, వేడిచేసి ఆవిరి మాత్రమే పీల్చాలి. అందుకే ఈ యంత్రాలు.

మొదట కొన్నది ఉక్కుది, శంకువులా ఉంటుంది. మీట తిప్పితే ఎర్రదీపం వెలుగుతుంది. వేడెక్కాక దీపం ఆరిపోతుంది. అప్పుడు పైన సంచి బిగిస్తే అది ఆవిరితో ఉబ్బుతుంది. ఆ సంచి మూతి తన వేళ్ళకు లొంగడం లేదని రోస్వీత ఫోనులో చెప్పింది. అంతకుముందు రెండు నెలలకోసారి తొంగిచూసే కూతురు మారెన్, ఆనాటి నుంచి ప్రతి గురువారం పదింటికి సింగెన్ నుంచి రైల్లో వస్తోంది. ఇంతకన్నా సులువైనది దొరకకపోదని మారెనే కొత్త యంత్రాలు తెప్పించేది. రెండు వారాల్లోగా రోస్వీత ఏదో ఒక వంక రాసి తిప్పి పంపేది.

ఇప్పుడు బల్ల మీదున్న రెండోది గాజుది. దానికి సంచి లేదు, గొట్టంతో పీల్చడమే. ఎవరి సాయమూ అక్కర్లేదు. పైగా దానిలో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. తిప్పి పంపే గడువు శనివారంతో తీరిపోతుంది. ఆ మాట తలుచుకుంటే చాలు, రోస్వీతకు పక్కటెముకల కింద మంట లేచేది.

తొమ్మిదయ్యేసరికి ఆ మంట భరించలేక ఉక్కుదాని మీట తిప్పింది. దీపం ఆరింది. మంచులోకి చూస్తూనే సంచి అందుకుని, చూడకుండానే టక్కున బిగించింది.

"ఇంకోసారి చెయ్యి."

గుమ్మంలో మారెన్ నిలబడి ఉంది. ఒక చేతిలో తాళంచెవి, రెండో చేతిలో బ్రెట్సెల్ రొట్టెల సంచి.

"అదేమిటే, ఇంత పెందలాడే!"

"ముందు బండి దొరికింది. ఒంటిచేత్తో బిగించేశావు కదమ్మా! కనీసం దానివంక చూడను కూడా లేదు."

"ఇవాళేదో కుదిరింది."

"ఏడు గురువారాలు! వారమంతా ఊరి జనాలకి కట్టుడుపళ్ళు చేసి, ఉన్న ఒక్క సెలవునాడు బండెక్కి వచ్చి నీ సంచికి మూతి బిగించి పోతున్నాను. నీకిది ఆటగా ఉందా?"

"మెల్లిగా. కింది వాటా జిప్పరర్ గారు వింటుంది. అసలే ఈ ఆవిరికి పేలాల వాసన వస్తోందని మెట్ల మీద నిలబెట్టి అడిగింది."

"అయితే ఆవిణ్ణే పిలువు. ఓ గురువారం ఆవిడొచ్చి బిగిస్తుంది." మారెన్ రొట్టెల సంచి బల్ల మీద పడేసింది. "ఆ నొప్పి కూడా ఉత్తదేనా?"

రోస్వీత తన వేళ్ళవంక చూసుకుంది. అబద్ధమాడానా? లేదే. మిగతా రోజుల్లో తనే బిగించుకునేది, ఒంటరిగా, ఆలోచించకుండా. గురువారం పదింటికి తాళంచెవి తిరిగిన చప్పుడు వినగానే ఆ వేళ్ళే నిజంగా కొయ్యబారేవి. ఎందుకని ఏనాడూ తనను తాను అడగలేదు. లోకంలోని ఉక్కునంతా భూతద్దం కింద పెట్టిన మనిషి తన చేతుల్ని మాత్రం పెట్టలేదు.

"నొప్పి నిజమే తల్లీ," అంది. "వేళ్ళు... నువ్వొచ్చినప్పుడే వంగవు. నాకూ ఇప్పుడే తెలుస్తోంది."

మారెన్ వినలేదో, వినదలుచుకోలేదో, నోటుపుస్తకం లాక్కుంది. "ఇవాళ తేలిపోవాలి. నువ్వు రాసిందే చదువుతాను, ఏది బాగుంటే అదే ఉంటుంది. గాజుది. రుచి, అన్నిటికన్నా బాగుంది. శుభ్రం చేయడం తేలిక. మరింకేం? నువ్వే రాశావు!"

"రాశాను. తనిఖీలో అబద్ధం రాయను."

"వేడెక్కడానికి అర నిమిషం." మారెన్ ఆగింది. ఆ పక్కన, అంచులో, మరింత చిన్న అక్షరాలున్నాయి. "మారెన్ కోటు విప్పలేదు."

పేజీ వెనక్కి తిప్పింది. పోయిన నెల తిప్పి పంపిన, వేడిని అంకెల్లో చూపే పెట్టెలాంటి యంత్రం. వేడెక్కడానికి ఒక నిమిషం. అంచులో, "మారెన్ ఫోను చూసుకుంది."

మొదటి పేజీ, ఉక్కుది. శుభ్రం చేయడం కష్టం. సంచి ఒక మనిషికి ఎక్కువ. వేడెక్కడానికి మూడున్నర నిమిషాలు. అంచులో, "మారెన్ కూర్చుంది. కాఫీ తాగింది. మెట్లెక్కితే మోకాలు పట్టేస్తోందట. నవ్వింది."

మారెన్ పుస్తకం బల్ల మీద పెట్టింది. సంచి ఉబ్బి, యంత్రం మీద తెల్లగా ఊగుతోంది. మారెన్ దాన్ని ఊడదీసి తల్లికి అందించింది.

"పీల్చు. పాడైపోతుంది."

రోస్వీత నాలుగు గుక్కలు పీల్చింది. ఎప్పుడు మొదలయ్యాయో, కన్నీళ్ళు గడ్డం దాకా జారాయి. మారెన్ గాజు యంత్రాన్ని తిప్పి పంపడానికి పెట్టెలో సర్ది మూత అతికించింది. కోటు విప్పి కుర్చీకి తగిలించింది. తర్వాత ఉక్కుదాని మీట వెనక్కి తిప్పింది.

"అప్పుడే ఆపేశావేం?"

"చల్లారనీ. మధ్యాహ్నం మళ్ళీ మొదట్నించీ పెడదాం."

"అది చల్లారడానికి ఎంతసేపు పడుతుందో ఏమో!"

"నీ పుస్తకంలో ఆ గడే లేదు," అంటూ మారెన్ ఆమె ఎదురుగా కూర్చుని రొట్టె విరిచింది. "రాయి."

రోస్వీత పెన్సిలు అందుకుంది. గురువారమే అయినా వేళ్ళు చక్కగా వంగాయి. 'చల్లారే సమయం' అని రాసి, గడియారం వంక చూడకుండా పెన్సిలు బల్ల మీద పెట్టేసింది.