కుమారస్వామి గురక

పెళ్లిచూపులకు వచ్చిన అబ్బాయి నిద్రపోయాడు.

రుచిత చాయ్ ట్రే పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి కుమారస్వామి సోఫాలో వెనక్కి వాలి, నోరు తెరిచి, కొత్త చొక్కా గుండీలు అదిరేలా గురక పెడుతున్నాడు. పక్కనే ఉన్న తల్లి లింగవ్వ మోచేత్తో పొడిచింది. లాభం లేదు.

"నైట్ షిఫ్ట్ చేసి సీదా వచ్చిండు బిడ్డా. బొగ్గుగనిల డంపర్ నడుపుడంటే మాటలా! కష్టం చేసేటోడు, కూసున్నకాడ్నే నిద్ర వడ్తది," అంది లింగవ్వ సర్దిచెబుతూ.

మెట్‌పల్లిలోని అమ్మానాన్నల ఇంట్లో అందరూ నవ్వారు, రుచిత తప్ప. లీవు పెట్టి, కిక్కిరిసిన బస్సులో కరీంనగర్ నుంచి నిలబడి వచ్చింది ఈ గురక వినడానికా! ఆమెకు ఒళ్లు మండింది.

అంతలో గురక ఠక్కున ఆగింది. రుచిత చూపు వాచీ మీదికి పోయింది. ఆసుపత్రిలో నిద్ర పరీక్షలు చేసే టెక్నీషియన్ ఆమె. ఆ అలవాటు ఇంటిదాకా వస్తుంది. పది సెకన్లు. పదిహేను. పదిహేడో సెకనుకు ఉక్కిరిబిక్కిరై, ఒక్కసారిగా గాలి పీల్చుకుని కుమారస్వామి కళ్లు తెరిచాడు.

"సారీ... చాయ్ సల్లారిందా?" అన్నాడు సిగ్గుపడుతూ. బుగ్గ మీద సొట్ట పడింది. ఇంత కోపంలోనూ ఆ సొట్ట కనిపించినందుకు రుచితకు తన మీద తనకే విసుగొచ్చింది.

"చాయ్ సంగతి తర్వాత. మీకు నిద్రల ఊపిరి ఆగుతుంది. పరీక్ష చేయించుకోండ్రి," అంది అందరి ముందే.

లింగవ్వ చివాల్న లేచింది. "ఏందమ్మా, పిల్లను చూడొస్తె మా పిల్లగానికి రోగం అంటగడ్తున్నవ్? గురక పెట్టని మొగోడు ఉన్నడా?"

చాయ్ తాగకుండానే వెళ్లిపోయారు.

మూడో రోజు కుమారస్వామి ఫోన్ చేశాడు. "మీ మాటకు మా అవ్వ ఒక్కతీర్గ తిడుతుంది."

"తిట్టనియ్యి. పొద్దుగాల లేస్తె తలకాయ నొస్తదా? నోరు ఎండుకపోతదా?"

"మీకెట్ల తెలుసు?"

"పండుకున్నంక గొంతుల కండరాలు సడలి గాలి పోయే తొవ్వ మూసుకపోతది. మెదడు ఉలిక్కిపడి లేపుతది. మళ్ల మూసుకపోతది, మళ్ల లేపుతది. రాత్రంత గిదే లొల్లి. పొద్దుగాల మీకు యాదుండది, కని గుండెకు, బీపీకి తెలుస్తది. అందరి గురక గిట్ల కాదు. మీది గట్లాంటిదేనని నా అనుమానం."

"గది పరీక్షల తేలితె నన్ను డంపర్ ఎక్కనిస్తరా?"

"నిద్రమత్తుల ఎక్కితె మంచిగుంటదా?"

"అసలు మీరు పెండ్లికొడుకును చూసిండ్రా, పేషెంటును చూసిండ్రా?"

"పెండ్లికొడుకు పండుకున్నడు కదా, ఇగ మిగిలింది పేషెంటే!" అని ఫోన్ పెట్టేసింది.

వారం తర్వాత, జోరువానలో, మోకాళ్లదాకా బురదతో అతను ఆసుపత్రికి వచ్చాడు. ముఖంలో నవ్వు లేదు.

"డ్యూటీ దిగి బండి మీద వస్తుంటె కండ్లు మూతవడ్డయి. తెలివొచ్చేసరికి పత్తిచేన్ల ఉన్న. నాకేం కాలే. కని ఆ మలుపు కాడ బడిపిల్లలు ఆటో కోసం నిలవడ్డరు, రుచితా." బురద చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "మా మేనేజర్‌కు అంత చెప్పిన. డాక్టర్ సరే అనేదాక డంపర్ ఎక్కనని కూడ చెప్పిన."

నౌకరీ పోతుందని అంత భయపడ్డ మనిషి! రుచిత తువ్వాలు తెచ్చిచ్చింది.

వేలికీ ముక్కుకీ ఛాతీకీ తగిలించుకునే చిన్న కిట్ ఇచ్చి పంపింది. ఇంట్లోనే ఓ రాత్రి పరీక్ష అయింది. గంటకు ముప్పై ఎనిమిది సార్లు ఊపిరి అడ్డుపడుతోంది. కొంచెమే ఉంటే నోట్లో పెట్టుకునే పరికరం సరిపోయేదని, ఆపరేషన్ అందరికీ పనిచేయదని డాక్టర్ చెప్పాడు. బరువు తగ్గాలి, మద్యం మానాలి, పక్కకు తిరిగి పడుకోవాలి. అన్నిటికంటే ముందు, గాలిని వత్తిడితో లోపలికి పంపి గొంతు మూసుకోకుండా చూసే సీపాప్ మిషన్ రోజూ పెట్టుకోవాలి.

"ఏనుగు తొండం లెక్కుంది," అని మిషన్ తీసుకెళ్లాడు కుమారస్వామి.

రెండు వారాలకు వచ్చి, "దినాం పెట్టుకుంటున్న మేడం," అన్నాడు ధీమాగా.

రుచిత మిషన్‌లోని వాడిన లెక్క నమోదయ్యే కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టింది. మొదటిరోజు నలభై నిమిషాలు. తర్వాత అన్నీ సున్నాలే.

"ఇగో, మిషన్ అబద్ధం చెప్తదా?"

"ముక్కు పుండైతుంది. గాలి కండ్లలకు వస్తుంది. ఎట్ల పండాలె?"

"గది నాకు చెప్తె అయిపోతుండె కదా! మాస్క్ సైజు తప్పు. మీతోని పరేషాన్ అయితుంది నాకు!"

చిన్న మాస్క్ తెచ్చి అతని ముఖానికి సరిచేస్తూ వంగింది. బయట మళ్లీ వాన మొదలైంది. అతను కదలకుండా ఆమె కళ్లలోకే చూస్తున్నాడు.

"ఇప్పుడెందుకు ఊపిరి ఆపిండ్రు?"

"గిది వేరే మేడం. గిది మెలకువల ఆగుతుంది."

రుచిత పట్టీ కావాలనే కాస్త గట్టిగా లాగింది.

రెండు నెలలకు ముప్పై ఎనిమిది కాస్తా నాలుగైంది. తలనొప్పి పోయింది. డాక్టర్ కాగితం రాసిచ్చాడు. గనిలో మళ్లీ పరీక్షించి డంపర్ ఎక్కనిచ్చారు. ఆ సాయంత్రమే స్వీటు డబ్బాతో వచ్చాడు.

"పేషెంటు పాసైండు. ఇగ పెండ్లికొడుకు సంగతేంది రుచితా? నువ్వంటె నాకు పానం."

ఎన్నాళ్లనుంచో ఆ మాట కోసమే తను విసుక్కుంటోందని రుచితకు ఇప్పుడు తెలిసింది.

"నాక్కూడ ఇష్టమే. కని మీ అవ్వకు నా మీద కోపం. ఆమె మనసు ఇరిగితె నేను రాను."

అతను ఇంటికెళ్లి ఏం చెప్పాడో తెలియదు. నాలుగో రోజు లింగవ్వ ఫోన్ వచ్చింది. రుచిత భయంతో లేచి నిలబడింది.

"బిడ్డా, వాడు ఆ మిషన్ పెట్టుకున్నకాంచి ఇంట్ల సప్పుడే లేదు. ఇన్నేండ్లు వాని గురక ఇనుకుంటనే పండుకున్న. ఇప్పుడు ఉన్నడా లేడా అని మాటిమాటికి లేచి ముక్కుకాడ చెయ్యి వెట్టి చూస్తున్న. వాడు మంచిగ పంటుండు, నా నిద్ర పోయింది!"

"ఫికర్ చేయకుండ్రి. ఊపిరి మంచిగనే ఆడుతది."

"గా ఫికర్ ఇగ నాతోని కాదు. అప్పుడు తెల్వక నోరు జారిన, మనసుల వెట్టుకోకు. నువ్వే వచ్చి చూసుకో తల్లీ."

"అవ్వా, జర ఫోనియ్యి!" వెనక నుంచి కుమారస్వామి కేక.

"ఆగుర, ఆడోళ్లం మాట్లాడుతున్నం," అని కసిరింది లింగవ్వ.

రుచిత నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లు మాత్రం నిండిపోయాయి.

"ముహూర్తం ఎప్పుడు పెట్టిస్తరు, అత్తమ్మా?"