ముట్టని కాకి

పొద్దుటినుంచి నూకరత్నం ఆఫీసులో తెరముందు కూర్చుని, పిడి పట్టుకుని తన యంత్రపు కాకిని విస్తరిమీంచి విస్తరికి తిప్పుతూనే ఉంది. రెక్కలు సవరించి, ముక్కు అన్నంలో ముంచి, రెండు మెతుకులెత్తి పైకి లేపాలి. ముక్కు తగలగానే గోడమీద పచ్చదీపం వెలుగుతుంది: తృప్తిముద్ర పడింది. ఇక చచ్చినవాడికి తీరని కోరికంటూ లేదని చట్టం. కోరిక లేనివాడి చావుమీద విచారణా లేదు.

ప్రాణమున్న కాకులు ఫ్యాక్టరీల పొగకి ఏనాడో రాలిపోయాయి. వాటిని చంపినవాళ్లే ఈ యంత్రాలు చేసి సర్కారువారి శాంతిశాఖకి దానమిచ్చారు. ఆ సిగ్గులేని దానానికి శాలువా కప్పి సన్మానం కూడా!

"తర్వాతది రసాయనపేట పెద్దదినం," అన్నాడు సూపర్‌వైజర్ తాతారావు, ఆమె కుర్చీ వెనక నిలబడి. "కంపెనీ ఎండీగారే పంక్తిలో కూర్చున్నారు. టీవీలవాళ్లున్నారు. వాలగానే ముట్టించెయ్యమ్మా, బతిమాలించుకోకు."

తెరమీద కాకికంటిలోంచి షామియానా కనిపించింది. పోయినవాడు అప్పలకొండ, ట్యాంకులు కడిగే కూలీ. గ్యాసు లీకైననాడు లోపలే ఉండిపోయాడు. బతికుండగా మాస్కు ఇవ్వని కంపెనీ, చచ్చాక నిలువెత్తు ఫ్లెక్సీ ఇచ్చింది. అందులో వాడికి కోటు తొడిగారు. పుట్టి బుద్ధెరిగి వాడు కోటు తొడిగిన పాపాన పోలేదు.

విస్తట్లో చేపలపులుసు, గారెలు, బీడీకట్ట. కాకి ముట్టేదాకా పంక్తిలో ఎవరూ మెతుకు కొరక్కూడదు, లేవకూడదు.

"నీ గుంటని సదివిత్తాన్రా, ముట్టరా," అన్నాడు అప్పలకొండ మేనమామ, వాడి కూతురి తలమీద చెయ్యేసి.

"నీ కుటుంబానికి కంపెనీ అండగా ఉంటుంది, అప్పలకొండా," అన్నాడు ఎండీ మైకులో, కెమెరావైపు చూస్తూ.

నూకరత్నం కాకిని దించింది. ముక్కు మెతుకులకి జానెడు దూరంలో ఉండగా అప్పలకొండ పెళ్లాం సన్యాసమ్మ విస్తరిమీద రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ముట్టకు!"

పంక్తిలో తలలన్నీ అటు తిరిగాయి. ముట్టమని కాకి కాళ్లావేళ్లా పడేవాళ్లేగాని, వద్దన్నవాళ్లని ఎవరు చూశారు?

"నువ్వు లోపలుండగా గేటుకి తాళం ఎవులేసినారో ఈ ఎండీబాబు సెప్పాల. సెప్పినదాకా ముట్టకు. ముట్టినావా, నువ్వు నా మొగుడివే కాదు!"

"ఏడుపులో ఏవో అంటారు. పక్కనించి దించు," అన్నాడు తాతారావు.

"ఆవిడ వద్దంటంది కదండీ," అంది నూకరత్నం.

"ఆవిడెవత్తె? వద్దనాల్సింది చచ్చినవాడు!"

"అయితే ఆడినే పిలిపించండి. అడుగుదాం."

నూకరత్నం ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ ఈ ఇనప ముక్కుతో ఎంతమంది ఆడవాళ్ల నోళ్లు కుట్టించారు తనచేత! అదీ ఉద్యోగమే, దానికీ జీతమే. పిడి గట్టిగా వెనక్కి లాగింది. కాకి లేచి షామియానా గుంజమీద వాలింది. తాతారావు ఆమె భుజంమీంచి చెయ్యి చాచేలోపు పిడిని మెలిపెట్టి విరిచి వాడి చేతిలో పెట్టింది.

"ఇదిగోండి. మీరే ముట్టించుకోండి."

"నీ ఉద్యోగం ఊడింది!" అని అరిచి, పక్క కుర్చీలోని కామేశుకేసి తిరిగాడు. "నీ కాకిని పంపరా, తొందరగా!"

కామేశు కాకి వేరే ఊళ్లో, వేరే విస్తరిపైన తిరుగుతోంది. అతను నూకరత్నం తెరమీది సన్యాసమ్మని చూశాడు. పిడిమీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాదీ ముట్టనంటందండి."

మూడో కుర్చీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఒక్కొక్కరే పిడులు వదిలేశారు; గోడమీద పచ్చదీపాలు వెలగడం ఆగిపోయింది. తాతారావు విరిగిన పిడిని దాని మొదలుకి అతికించబోయాడు.

తెరమీద ఎండెక్కుతోంది. ఎండీ మెడ తుడుచుకున్నాడు, గుంజమీది కాకిని చూశాడు, కెమెరాలని చూశాడు, మెల్లగా లేవబోయాడు. సన్యాసమ్మ వెళ్లి అతని ముందు నిలబడింది.

"కూకోండి బాబూ. ఆడికింకా ఆకలెయ్యనేదు."