రెండు పొయ్యిల ఇల్లు

ఆదివారం పొద్దున ఆదికేశవులు ఇంట్లో ఎప్పట్లాగే రెండు పొయ్యిలు వెలిగాయి. మద్రాసు చింతాద్రిపేటలో, ఆ వీధిలో, ఇంకెవరింట్లోనూ ఈ వింత లేదు. లోపలి పొయ్యి మీద కన్నాంబ తన తమ్ముడు ఆదికేశవులుకీ, తల్లి లేని మేనకోడలు వేదవల్లికీ వండుతుంది. ఆ వంట దించాక వెనక వసారాలోని చిన్న పొయ్యి దగ్గరకు పోయి, తనకు మాత్రం గుప్పెడు బియ్యం వేరే ఉడికించుకుంటుంది. నాలుగేళ్లుగా ఇదే వరస.

పందొమ్మిది వందల యాభై ఒకటిలోనో రెండులోనో బట్ట అమ్ముడుపోక పేటలో మగ్గాలు ఆగిపోయినప్పుడు, ఆదికేశవులు తండ్రినాటి మగ్గాన్ని అమ్మేసి అచ్చాఫీసు పనిలో చేరాడు. అక్కను ఒక్క మాట అడగలేదు. ఆమె చిన్నప్పటి నుంచీ ఆ మగ్గానికి నూలు కండెలు చుట్టిన మనిషి. భర్త పోయి పుట్టింటికి వచ్చాక ఆ పనే ఆమెకు తోడు. ‘నీ పొయ్యిది నేను తినను’ అంది, తినలేదు. అతగాడూ తక్కువవాడేం కాదు, తినమని ఒక్కసారి కూడా పిలవలేదు.

వేదవల్లి ఇంటర్లో ఎకనామిక్స్ చదువుతోంది. ఆ పొద్దున కాగితాల కట్టతో వసారాలో అత్త పక్కన చతికిలబడింది.

“అత్తా, దేనికైనా అసలు ఖరీదు దుడ్లు కాదంట. దానికోసం మనం వదులుకున్నది ఏదో అదేనంట. మా మిస్ చెప్పింది.”

“ఇది చెప్పేదానికి కాలేజీ కావాల్నా?” అంది కన్నాంబ పొయ్యి ఊదుతూ. “ఆ కాగితాలేంది?”

“ఇండ్ల సర్వే. ముందు మన ఇల్లే రాసుకు రమ్మన్నారు.”

“రాయి. మనం ముగ్గురం.”

“కాదత్తా. ఒక పొయ్యిది తినేవాళ్లే ఒక కుటుంబం. అది రూలు. నాయనా నేనూ ఒకటి. నీకు ఇంకో కాగితం.” పిల్ల పైకి చదువుతూ రాసింది. “మనుషులు, ఒకరు. పని, ఏమీ లేదు.”

“రెండు పొయ్యిల కాడ వండేది పని కాదా?”

“ఇంట్లోవాళ్లకి వండితే లెక్కకి రాదత్తా. ఇంకొకరింట్లో కూలికి వండితేనే పని.”

కన్నాంబ పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. వేదవల్లి ఎదురింటి సర్వేకి పోయింది. ఆ పిల్లకు అత్త మొహం చూడాలని తోచలేదు, కాగితంలో గడులన్నీ నిండాయన్న సంతోషంలో ఉంది.

పిల్ల తిరిగొచ్చేసరికి వసారాలో అత్త బట్టల మూట కట్టి ఉంది. అప్పుడే బజారు నుంచి వచ్చిన ఆదికేశవులు కూరల సంచి చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు.

“ఎక్కడికక్కా?”

“వ్యాసర్పాడికి. రైల్వే గార్డు ఇంట్లో వంటమనిషి కావాలంట. ఆడ వండితే పనంట. ఈడ నేను వేరే కుటుంబమంట, కాగితం మీద ఎక్కింది.”

“చిన్నపిల్ల ఏందో రాసుకుంటే...”

“పిల్ల అబద్ధం రాయలేదే. ఉన్నదే రాసింది.”

“పొయ్యి వేరు పెట్టింది నువ్వు.”

“పెట్టినా. నాలుగేండ్లలో ఒక్కనాడన్నా, రా అక్కా, తిను అన్నావా?”

ఆదికేశవులు సంచి కింద పెట్టాడు. “ఏ మొహం పెట్టుకుని పిలిచేది? మగ్గం పెట్టుకునుంటే పాపను బడి మాన్పించాల్సి వచ్చుండేది. నిన్నడిగితే ఏడుస్తావని అడగలేదు.”

“ఏడ్చుందును. ఏడ్చి, అమ్మమని నేనే చెప్పుందును.” కన్నాంబకు ఏడుపు వచ్చేసింది. “అడగలేదనే కదరా నా బాధ.”

 తన చదువు ఖరీదు కాలేజీకి కట్టే జీతం రసీదుల్లో ఉందనుకుంది వేదవల్లి ఇన్నాళ్లూ. మగ్గం ఒక్కటే కాదు, ఆ వసారాలో ఒంటరిగా తిన్న ప్రతి ముద్దా దాని ఖరీదే. నోట్సులో అందంగా రాసుకున్న ఆ సూత్రం ఎదురుగా నిలబడి ఏడుస్తుంటే ఆ పిల్లకు సిగ్గేసింది.

ఆదికేశవులు మాటలు చాతకాని మనిషి. లోపలికి పోయి తన కంచం తెచ్చుకుని చిన్న పొయ్యి ముందు నేల మీద కూర్చున్నాడు.

“నా పొయ్యిది నువ్వు తినవు. సరి. నీ పొయ్యిది నాకు పెట్టు.”

“ఒక్కరికే ఉందిరా.”

“ఉన్నదే పెట్టు.”

వేదవల్లి కూడా కంచం తెచ్చుకుంది. కన్నాంబ ఆ గుప్పెడు కూడును మూడు భాగాలు చేసింది. తలా నాలుగు ముద్దలు వచ్చాయి. తాను తింటుంటే పక్కన ఇంకొకరు నమిలే చప్పుడు ఆమె విని నాలుగేళ్లయింది. అది వింటూ, కళ్లు తుడుచుకుంటూ తింది.

వేదవల్లి రెండు కాగితాలూ చింపి కొత్తది తీసింది. మనుషులు ముగ్గురు అని రాసింది. పని అన్న గడి దగ్గర పెన్సిలు ఆగింది.

“ఏమిటి రాసేది అత్తా?”

“మీ మిస్ ఒప్పుకునేది రాసుకో పో.”

మిస్ దాన్ని కొట్టేస్తుందని తెలిసీ ‘వంట’ అని రాసింది వేదవల్లి, బాగా ఒత్తి.

కన్నాంబ చెయ్యి కడుక్కుని మూట విప్పింది. ఖాళీ అయిన ఆ చిన్న అన్నం సట్టిని ఒకసారి చూసింది.

“రేయ్ కేశవా, అటక మీద అమ్మ నాటి పెద్ద సట్టి ఉంది. దించు. దీంట్లో ముగ్గురికి చాలదు.”