కూతపట్టీ చెప్పని పేరు

“ఆ నందివర్ధనం కొట్టేస్తే గానీ పాము బయటపడదు. పొద్దుటినుంచీ ఇదే చెబుతున్నాను,” అన్నాడు కోదండపాణి, చేతికర్రను వెనక వసారా గోడకి ఆనిస్తూ.

“పొద్దుటినుంచీ నేనూ ఒకటే చెబుతున్నాను. దాని మీద చెయ్యి వేస్తే ఊరుకోను,” అంది అతని భార్య హైమవతి. “గూట్లో పిల్లలున్నాయి.”

“ఆ సంగతి పాముకీ తెలుసు.”

హైమవతి పెరటి గుమ్మంలోంచి నందివర్ధనం వైపు చూసింది.

అది 2078 మార్చి. తెనాలిలో పొద్దున్న తొమ్మిదిన్నరకే ఎండ నలభై మూడు దాటుతోంది. వీధుల మీద నీడతెరలు కట్టారు కనుక మనుషులు తిరగగలుగుతున్నారు. పక్షుల సంగతి ఎవరికీ తట్టలేదు. భూసార పరీక్షా కేంద్రంలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి నిరుడు రిటైరైన హైమవతికి ఇప్పుడు పెరడే ఆఫీసు. బెండ, బచ్చలి, రెండు మల్లెపొదలు, మూలన నందివర్ధనం. అందులో పికిలిపిట్టల జంట గూడు కట్టిందని తెలిసి వార్డు ఆఫీసు వాళ్ళు పనిగట్టుకుని వచ్చి చూశారు. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ వార్డులో నమోదైన మొదటి గూడు అది. కూతపట్టీని బిగించి వెళ్ళింది వాళ్ళే.

కూతపట్టీ అరచేతిలో ఇమిడే యంత్రం. దాని అకౌస్టిక్ సెన్సర్లు పెరట్లో వినిపించే ప్రతి కూతనూ విడదీస్తాయి. ఆకలి కూత వేరు, జతను పిలిచే కూత వేరు, భయపు కూత వేరు. భయపు కూత వినపడగానే దాని కెమెరా చుట్టూ వెతికి, పిల్లి అనో డేగ అనో పేరు చెబుతుంది. వారం రోజులుగా మాత్రం ఒకటే పాట.

“ప్రమాదపు కూత. శత్రువు కనబడలేదు.”

కెమెరాకి చిక్కనిది పామే అయి ఉంటుందని ఇంట్లో అందరూ అనుకున్నారు. పాములు పట్టేవాళ్ళు రెండుసార్లు వచ్చి వెతికి వెళ్ళారు. ఏమీ దొరకలేదు. రోజుకి అరవైసార్లు మేత తెచ్చే పిట్టలు నిన్న ఇరవై రెండుసార్లే తెచ్చాయి. హైమవతికి అన్నం సహించడం లేదు. అరగంటకోసారి వెళ్ళి, కొమ్మ పక్కకి జరిపి, రెండు నోళ్ళూ తెరుచుకోవడం కళ్ళారా చూస్తే గానీ ఆమె ప్రాణం కుదుటపడదు.

కూతురు శ్రావ్య కాఫీ గ్లాసుతో వచ్చి వాళ్ళ పక్కన కూర్చుంది.

“అమ్మా, దీన్ని బిగించినప్పుడు నిన్నేమైనా అడిగిందా?”

“పేర్లడిగింది. ఎవరి గురించి హెచ్చరించక్కర్లేదో చెప్పమంది. మన ముగ్గురి పేర్లూ చెప్పాను. మనవల్ల వాటికేం భయమే?”

“ఆ పేర్లు తీసేసి చూడు.”

“మీ అమ్మ పేరు కూడానా?” అన్నాడు కోదండపాణి. “పిట్టలకి కూడా నాలాగే మీ అమ్మంటే భయమనుకున్నావా?”

హైమవతి నవ్వలేదు. ఒక్కొక్క పేరే తనే తీసేసి, వారం రోజుల రికార్డును మళ్ళీ చదవమంది.

“ప్రమాదపు కూతలు రెండు వందల ఇరవై మూడు,” అంది కూతపట్టీ. “శత్రువు శ్రావ్య గారు, రెండుసార్లు. కోదండపాణి గారు, ముప్పై ఒక్కసార్లు. హైమవతి గారు, నూట తొంభై సార్లు.”

కోదండపాణి గోడకి ఆనించిన కర్రను తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకున్నాడు.

“తప్పు చెబుతోంది,” అంది హైమవతి. “నేను వాటికి నీళ్ళు పెడుతున్నాను.”

“నీళ్ళు పెట్టినప్పుడు కూడా,” అంది కూతపట్టీ. “ మీరు వెళ్ళిపోయాక పక్షి గూటికి రావడానికి సగటున పదిహేడు నిమిషాలు పడుతోంది.”

అరగంటలో పదిహేడు నిమిషాలు. ఆ లెక్క ఆమెకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

“పిల్లలు రెండూ బతికే ఉన్నాయా?” అని అడిగింది, గొంతు తగ్గించి.

“ఒకటి కూస్తోంది. రెండోది ఉందో లేదో తెలియాలంటే మీరు దగ్గరికి వెళ్ళి చూడాలి.”

హైమవతి లేచింది. పెరటి గుమ్మం దాకా వెళ్ళింది. నందివర్ధనం ఆకుల్లో ఏదో కదిలింది. గాలేమో, పిట్టేమో. ఎనిమిది అడుగులు వేస్తే తెలిసిపోతుంది. గడప మీద పెట్టిన కాలు అక్కడే ఉండిపోయింది. కాసేపటికి కాలు వెనక్కి తీసుకుని, తలుపు మూసి గడియ పెట్టింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, భర్తకీ కూతురికీ పప్పు వడ్డిస్తూ మెల్లగా చెప్పింది.

“అవి ఎగరడానికి ఇంకా ఆరు రోజులుంది. అంతదాకా పెరటి తలుపు తియ్యను. మీరూ తియ్యకండి. వాటికి నీళ్ళు వీధివైపు గోడ మీద పెడతాను.”

“ఈ ఎండలో ఆరు రోజులంటే నీ మొక్కల్లో ఒక్కటీ మిగలదు, హైమా,” అన్నాడు కోదండపాణి.

“మిగలవు,” అంది హైమవతి. “మజ్జిగ వెయ్యనా?”