రంగనాయకులు రాసిన నాలుగు వరసలు

"పద్నాలుగు," అంది తాయారు విమానం సీట్లోంచి.

"మళ్ళీ పద్నాలుగేనా? సరిగ్గా చూడు వదినా!"

"చూసే చెప్తున్నా వరదా. విమానం ముక్కు తూర్పు గీత మీదే ఉంది. తెర మీద పద్నాలుగు డిగ్రీలు తప్పు చూపిస్తోంది. నేల మీద నువ్వేసిన దిక్కుల ముగ్గే వంకరేమో!"

"ముగ్గేసింది నువ్వు."

"అయితే వంకరుండదులే."

ఉపగ్రహాలు మూగబోయి మూడేళ్ళయింది. సూర్యుడి మీద లేచిన తుఫాను ఒక్క పూటలో వాటిని పాడుచేసింది. ఆకాశంలో దారి తెలియాలంటే మళ్ళీ భూమి అయస్కాంతమే ఆధారం. ఇళ్ళలో కట్టుకున్న విమానాలకు ఈ నెలాఖరుతో అనుమతులు ఆపేస్తున్నారు. రేపు ఉదయం తొమ్మిదికి ఇన్‌స్పెక్టర్ వస్తాడు. దిక్సూచి సెన్సార్ తప్పు అయిదు డిగ్రీలు దాటిందా, ఈ విమానం ఇక తుక్కే.

దాన్ని కట్టింది తాయారు భర్త రంగనాయకులు. టీవీ మెకానిక్. ఉప్పుమళ్ళ పక్కన రేకుల షెడ్డులో పదకొండేళ్ళు కట్టి, ఒక్కసారైనా ఎగరకుండానే పోయాడు. అతని బదులు ఒక్కసారి, పది నిమిషాలు, సముద్రం మీద తిరిగి రావాలని తాయారు ఎగరడం నేర్చుకుంది. ఆమెకి మిగిలిన కోరిక అదొక్కటే.

భర్త పోయిన రెండేళ్ళకు ఆమెకు మరుపు మొదలైంది. పొయ్యి మీద పాలు మరిచిపోవడం కాదు, పాలు అన్న మాటే మరిచిపోవడం. మరిది వరదరాజులు మెదడు మీద పరిశోధనలు చేసే శాస్త్రవేత్త. తాను తయారుచేసిన 'ధారణ' అనే పరికరాన్ని ఆమె ఎడమ చెవి వెనక, చర్మం కింద పెట్టించాడు. చింతగింజంత ఉంటుంది. మెదడు జారవిడిచే సంగతులను సన్నటి పొర మీద అయస్కాంతపు చుక్కలుగా రాసుకుని, కావలసినప్పుడు అందిస్తుంది. నకలు మరెక్కడా ఉండదు. ఒకరి తలలోని సంగతులు మరొకరి చేతికి చిక్కకూడదని అతనే అలా తయారుచేశాడు. నాలుగేళ్ళు గడిచేసరికి అదొకటి ఉందన్న ఆలోచనే ఇద్దరికీ రావడం మానేసింది.

వారంగా తప్పు కోసం వెతుకుతున్నారు. లైట్ల తీగలు దూరం జరిపారు. సీటు కింద ఇనుప బోల్టులు తీసి ఇత్తడివి బిగించారు. సీట్లో తాయారు కూర్చున్నా పద్నాలుగే, వరదరాజులు కూర్చున్నా పద్నాలుగే. చివరికి అతను చిన్న దిక్సూచి పట్టుకుని విమానం అంతా తడిమితే, సీటు చుట్టూ ఉన్న ఉక్కు గొట్టాల దగ్గర సూది గిర్రున తిరిగింది.

"అన్నయ్య వెల్డింగ్ చేసినప్పుడు ఈ గొట్టాలు అయస్కాంతాలైపోయాయి వదినా."

"పోయిన మనిషి పనికి వంకలు పెడతావా?"

"మందు కూడా ఆయనే పెట్టి వెళ్ళాడుగా!" అంటూ షెడ్డులోంచి ఒక రాగితీగ చుట్ట తెచ్చాడు. పాత టీవీల తెర మీద రంగు మచ్చలు పోగొట్టడానికి రంగనాయకులు వాడినది. కరెంటిచ్చి దగ్గరగా తిప్పి, మెల్లగా దూరం జరిపితే ఇనుముకి పట్టిన అయస్కాంత గుణం చెదిరిపోతుంది.

సెన్సార్ దగ్గర ఏ పని మొదలుపెట్టినా ముందు ఒక కాగితం చదవడం వాళ్ళకి అలవాటు. ఒంటి మీద నుంచి తీసెయ్యాల్సిన ఇనుప వస్తువుల జాబితా, రంగనాయకులు చేతిరాత.

"పిన్నీసులు?"

"తీశా."

"తాళాలు?"

"షెడ్డులో ఉన్నాయి."

"కళ్ళజోడు?"

"ప్లాస్టిక్‌ది పెట్టుకున్నా. అదీ తీస్తే అంకెలు నువ్వొచ్చి చదువుతావా?"

"వాచీ?"

"నువ్వే షెడ్డులో పెట్టొచ్చావుగా, మతిమరుపు మేధావీ!"

నాలుగే వరసలు. ఆయన రాత కింద ఇంకొక అక్షరం చేర్చడానికి ఏనాడూ ఇద్దరికీ మనసొప్పలేదు.

జనరేటర్ మోగింది. చుట్ట ఝుమ్మంటూ ముందు గొట్టాల మీదుగా కదిలింది.

"పన్నెండు. తగ్గుతోంది వరదా! తొమ్మిది!"

చుట్ట సీటు వెనక్కి, ఆమె తల పక్క గొట్టం మీదికి వచ్చింది. ఎడమ చెవి వెనక చీమ కుట్టినట్టయింది.

"ఆరు."

సాయంత్రం ఏదో కూర చేద్దామనుకుంది. పేరు రాలేదు.

"నాలుగు."

రేపు ఎవరో వస్తామన్నారు. ఎవరు? ఎందుకు?

"రెండు."

ఈ సీటు తన కొలతకి కుట్టించినదెవరు? ఒక ముఖం రాబోయి, టీవీ ఆపినప్పుడు తెర మధ్యన మిగిలే చుక్కలా చిన్నదై, ఆరిపోయింది.

"ఒకటి."

చుట్ట దూరం జరిగి ఆగింది.

"ఒకటా! గెలిచాం వదినా! అన్నయ్య విమానం రేపు ఎగురుతుంది!"

ముగ్గంతా తొక్కుకుంటూ పరుగున వచ్చిన మనిషిని చూసి ఆమె మర్యాదగా నవ్వింది.

"ఎవరు వేశారోగానీ మంచి ముగ్గండీ. మీరు చూసుకోకుండా తొక్కేశారు."

అతను ఆగిపోయాడు. ఆమె ఎడమ చెవి కేసి చూశాడు. చేతిలోని చుట్ట కేసి చూశాడు.

"వదినా... నేను, వరదని."

"ఈ బండి మీదేనా? దిగమంటే దిగుతానండీ."

అతను జేబులోంచి కాగితం తీసి, నాలుగు వరసల కింద ఖాళీ చోట వేలు పెట్టి, ముగ్గులోనే కూలబడ్డాడు. అంత పెద్దమనిషి ఎందుకు ఏడుస్తున్నాడో ఆమెకు బోధపడలేదు.

"దారి తప్పారా?" అంది జాలిగా. తెర కేసి ఒకసారి చూసి, చెయ్యి చాపి చూపించింది. "తూర్పు ఇటండీ."