పళ్ళు తళతళలాడిన కత్తి

వేగు తెచ్చినవాడు హినేస్ రొట్టెల కొట్టు గుమ్మంలోనే కూలిపోయాడు. వీపులో బాకు. పోతూ పోతూ ఒక్క ముక్క చెప్పాడు: "గొడ్డలి దళంలో ఒకడు దొంగ. మధ్యాహ్నం గేటు పేలుద్ది."

హినేస్ మా ఊరి పౌరసేనకి కెప్టెన్. వెంటనే మంగలి బ్లాస్‌కి కబురు పెట్టాడు. బ్లాస్ పైకి గీసేది గడ్డాలు, అసలు పని గూఢచర్యం. వేషం కడితే పెళ్ళామే గుర్తుపట్టక బిచ్చమేసి పంపేది.

"ఊరి గోడ బయట ఆ తిరుగుబాటు మూక, కార్లిస్టులు, కాచుక్కూర్చున్నారు బ్లాసూ. గేటు పోతే ఊరు పోయినట్టే."

"గేటు మీది గదిలో నా ఎన్‌గ్రాసియా నొప్పులు పడుతోంది కెప్టెన్! కదిలిస్తే ప్రాణానికే ముప్పంది మంత్రసాని."

"మరింకా నిలబడ్డావేంరా?"

మా పౌరసేనలో గొడ్డలి దళమంటే గుబురు గడ్డాలు, తోలు ఏప్రన్లు, ఒక అంచున రంపపు పళ్ళున్న పొట్టి కత్తులు. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేని కత్తులు. వాటితో శత్రువు కంచెలు కోయాలి. మావాళ్ళు అంతవరకూ కోసింది ఎండబెట్టిన పంది తొడలే.

ఆ పూటా చౌకులో అదే విందు. బ్లాస్ ముసలి సారా వ్యాపారిలా దూరి, ఉంగరంలో దాచిన అద్దంతో కత్తులన్నీ చూశాడు. అన్నిటికీ జిడ్డు. ఒక్కదానికి మాత్రం పళ్ళు తళతళ! పంది తొడే ఎరగని కొత్త కత్తి.

ఆ కత్తివాడి గడ్డం పట్టి లాగాడు. ఊడి చేతికొచ్చింది. కార్లిస్టులు కూలికి తెచ్చిన ఫ్రాన్సు ముఠావాడు!

"ఆలస్యమైంది మంగలీ," అని వాడు పళ్ళికిలించాడు. "వత్తి అంటుకుంది."

ఎక్కడ? విసనకర్ర ఊపుకుంటూ పాటగత్తె లెయోకాడియా పరిగెత్తుకొచ్చింది. అందగత్తె, రెండు వైపులా వేగు.

"గేటు అడ్డదూలం తొలిచి తుపాకిమందు పెట్టారయ్యా! కొయ్యి!"

"ఇప్పుడా చెప్పేది?"

"నా బండి గేటు కిందే ఇరుక్కుంది మరి!"

బ్లాస్ ఆ తళతళ కత్తే లాక్కుని ఉరికాడు. పచ్చి ఓక్ దూలం. నాలుగు లాగుళ్ళకే కత్తి బిగుసుకుపోయింది. లోపల వత్తి బుసకొడుతోంది.

పైనుంచి కేక: "బ్లాస్! ఎక్కడ చచ్చావ్?"

"కిందేనే! కోస్తున్నా!"

"నేనిక్కడ చస్తుంటే నీకు పంది తొడ కావాల్సొచ్చిందా?"

బ్లాస్‌కి బుర్ర వెలిగింది. "కెప్టెన్! జిడ్డు కత్తి!"

వెనకే పరిగెత్తుకొచ్చిన హినేస్ దళంలో ఒకడి కత్తి లాక్కుని విసిరాడు. కొవ్వు పట్టిన పళ్ళు దూలంలో జర్రున జారాయి. చెక్క విరిగింది. మందుకి గోరంత దూరంలో నిప్పు. బ్లాస్ దాన్ని అరచేత్తో నలిపేశాడు. పైన పసిబిడ్డ కెవ్వుమంది.

ఇప్పటికీ మా ఊళ్ళో ఎవడైనా కత్తి తోముతూ కనిపిస్తే, ముందు వాడి గడ్డం లాగి చూస్తాం.