పాతర జొన్నలు

గంగమ్మ పశువుల కొట్టం ఊడ్చి వచ్చేసరికి పొయ్యి మీద కషాయం తెర్లుతోంది. ఆ వాసనకే కడుపులో తిప్పింది. పెరట్లోకి పరుగెత్తి, గోడ పట్టుకుని కక్కుకుని, కొంగుతో మూతి తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

నాలుగు నెలలుగా ఆమెకు ముట్టు లేదు. చింతచిగురు తప్ప ఏదీ సయించడం లేదు. రవికలు బిగుతయ్యాయి. పెళ్ళైన ఆరేళ్ళకు కోడలు నెల తప్పితే ఏ ఇల్లైనా సంబరపడాలి. ఈ ఇంట్లో మాత్రం అందరూ ముఖాలు వేలాడేసుకున్నారు, జొన్నలు మొలకెత్తలేదని.

శామీర్‌పేట దగ్గరి ఆ ఇంట్లో తాతల నాటి వాడుక ఒకటుంది. నెల తప్పిన కోడలి పొద్దుటి మూత్రాన్ని పెంకులో పిడికెడు జొన్నల మీద పోసి అయిదు రోజులు చూస్తారు. మొలకొస్తే బిడ్డ. రాకపోతే గడ్డ, కషాయం తాగించి పడగొట్టాలి. ఆ జొన్నలు కూడా నేలలో గొయ్యి తవ్వి దాచిన పాతరలోవే కావాలి. ఇంటి బిడ్డ సంగతి ఇంటి గింజే చెప్పాలట.

“తాగు,” అత్త సత్తమ్మ గిన్నె ముందుకు జరిపింది.

“నేను తాగ.”

“రెండుమాట్ల చూసినం. ఒక్క గింజ మొలవలే. గడ్డను పెంచుకుంటవా?”

“గడ్డో బిడ్డో, నా కడుపుల ఉన్నది నాకెరుక. గా పెంకుకేమెరుక?”

“అమ్మ చెప్పింది ఇనరాదు,” అన్నాడు గడపలోంచి గాలయ్య. మంచివాడే, కాని తల్లి ముందు మొగుడికి నోరు పెగలదు.

“నీకు తిప్పుతాందా? లేదు గద. ఇగ ఊకో,” అని గంగమ్మ అత్త వైపు తిరిగింది. “గా పాతర జొన్నలే ఇంకో పెంకుల పోసి ఉత్త బాయినీళ్లు పోస్త. మొలిస్తె నోరెత్తకుంట తాగుత. అందాంక గా గిన్నె నా దగ్గరికి తేవద్దు.”

నీళ్ళకు మొలవని జొన్న ఉంటుందా అనుకుని సత్తమ్మ సరేనంది.

ఆ అయిదు రోజులూ అత్తాకోడళ్ళు ముక్తసరిగానే మాట్లాడుకున్నారు. ఆరో రోజు పొద్దున గంగమ్మ పెంకు తెచ్చి అత్త ముందు పెట్టింది. గింజలు ఉబ్బి, జిగట పట్టి, కంపు కొడుతున్నాయి. ఒక్కటీ మొలవలేదు.

“గీ నీళ్లకు గూడ గడ్డేనా, అత్తా? ఇగ బాయిల గూడ కషాయం పొయ్యి.”

కొన్నేళ్ళు పాతరలో గింజ ఉడుకెక్కుతుందని, అది విత్తనానికి పనికిరాదని చేను దున్నే ప్రతివాడికీ తెలుసు. చేను దగ్గర గుర్తుండే ఆ సంగతి కడుపు దగ్గరికి వచ్చేసరికి ఇన్ని తరాలూ ఎవరికీ తోచలేదు.

అత్త కస్సుమంటుందని గంగమ్మ నడుము బిగించి నిలబడింది. సత్తమ్మ మాత్రం నేల మీద కూలబడింది.

“నాకు గూడ గిట్లనే పెట్టిండ్రు,” అంది. “గాలిగాని కంటె ముందుగాల. మొలవలేదని మా అత్త నాలుగో నెలల కషాయం తాపిచ్చింది. గడ్డ పోయిందని అందరు సంబురపడ్డరు. గాలిగాడు కడుపుల పడ్డప్పుడు బుగులైంది. అయిదు నెలలదాంక ఎవ్వలికి చెప్పలే.”

గంగమ్మ కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు.

సత్తమ్మ లేచింది. కషాయం కుండ ఎత్తి పెంటదిబ్బ మీద గుమ్మరించి, కుండను కూడా అక్కడే పగలగొట్టింది. “బండి కట్టురా,” అంది కొడుకుతో. “మేడ్చల్ దవఖాన్ల నర్సమ్మ దగ్గరికి పోదం. ఆమె ఏం జెప్పినా సరే, గీ ఇంట్ల ఇగ పెంకు పెట్టేది లేదు. ఎవడడుగుతడో అడగనీ.”

మేడ్చల్‌లో నర్సమ్మ రాహేలు గంగమ్మను పడుకోబెట్టి, పొట్ట మీద చెయ్యి వేసి నిదానంగా చూసింది. “నాలుగు దాటి అయిదో నెల పడ్డది. బిడ్డ మంచిగ పెరుగుతాంది,” అంది.

గాలయ్య బయట నిలబడే నవ్వేశాడు. గంగమ్మ కళ్ళు అత్త మీదే ఉన్నాయి.

“నర్సమ్మా,” అని అడిగింది సత్తమ్మ, “నాలుగో నెలల బిడ్డ ఎంతుంటది?”

ఎవరి సంగతి అడుగుతోందో రాహేలుకు తెలియదు. అరచెయ్యి చాపి, “ఇంత,” అని చూపించింది.

సత్తమ్మ ఆ అరచేతి వైపే చూస్తూ ఉండిపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత, తన పెద్దబిడ్డ కోసం మొదటిసారి ఏడ్చింది. గంగమ్మ మంచం దిగి వచ్చి అత్తను గుండెకు హత్తుకుంది.